వాల్యూమెట్రిక్ డిస్‌ప్లే: వోక్సెళ్లు పెంచితే బొమ్మ బాగుపడుతుందా?

నిజమైన లోతులో వెలుగు చుక్కలు వేసి త్రీడీ బొమ్మను చూపే యంత్రం వాల్యూమెట్రిక్ డిస్‌ప్లే; ఆ ఒక్కో చుక్కే వోక్సెల్. ఇందులో బొమ్మ నాణ్యత బాగాలేదని సలహా కోసం వచ్చేవారిలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న, వోక్సెళ్లను ఎంతకు పెంచాలన్నదే. ఈ రంగంలో డబ్బూ, నెలల శ్రమా అన్నిటికన్నా ఎక్కువగా వృథా అయ్యేది ఈ అపోహ వల్లనే.

అపోహ: వోక్సెళ్లు పెరిగిన కొద్దీ బొమ్మ మెరుగుపడుతుంది.

వాస్తవం: తిరిగే తెర మీద పొర తర్వాత పొరను వేసే డిస్‌ప్లేలో పొరలు పెంచితే వోక్సెళ్లు పెరుగుతాయి; కానీ పొరల సంఖ్య, ఛాయలు, రిఫ్రెష్ రేటు మూడింటికీ ప్రొజెక్టర్ వేగంలోంచే వాటా పంచాలి. రంగుకొకటి చొప్పున, సెకనుకు 32,000 బైనరీ ఫ్రేములు (ప్రతి చుక్కా వెలగడమో ఆరడమో తప్ప మధ్యస్థం లేనివి) చూపగల డీఎండీ చిప్‌లు (సూక్ష్మ అద్దాలతో బొమ్మ వేసేవి) ఉన్నాయనుకుందాం. 200 పొరలను సెకనుకు 24 సార్లు చూపాలంటే 4,800 పొరలవుతాయి కాబట్టి ఒక్కో పొరకు 6 ఫ్రేములు దక్కుతాయి. కాంతి తీవ్రతను ఫ్రేముకు సగం చొప్పున తగ్గిస్తూ వేస్తే ప్రతి రంగులోనూ 64 ఛాయలు వస్తాయి. పొరలను 400 చేస్తే మిగిలేవి 3 ఫ్రేములు, 8 ఛాయలు మాత్రమే. పైగా ఒక్కో పొర వెలిగే సమయం కూడా సగమవుతుంది. 198 పొరలతో, సుమారు 10 కోట్ల వోక్సెళ్లతో వచ్చిన పర్‌స్పెక్టా అనే డిస్‌ప్లే కూడా పూర్తి రిజల్యూషన్‌లో ఒక్కో వోక్సెల్‌కు 8 రంగులే ఇవ్వగలిగింది. మిగతా రంగుల కోసం డిథరింగ్‌ను (పక్కపక్క చుక్కల రంగులు కలిసి మధ్య రంగులా కనిపించేలా వేయడాన్ని) ఆశ్రయించింది. మరోవైపు డెప్త్‌క్యూబ్ అనే మరో డిస్‌ప్లేలో ఉన్నవి 20 పొరలే అయినా, రెండు పొరల నడుమ పడే బిందువు వెలుగును లోతును బట్టి ఆ రెండింటికీ పంచడం వల్ల, లోతులోకి ఏటవాలుగా పోయే గీత మెట్లు మెట్లుగా విరగకుండా సాఫీగా కనిపించేది.

పొరలు రెట్టింపు చేయించుకున్న ఒక పరిశోధక బృందం, రక్తనాళాల స్కాన్‌లో సన్నని కొమ్మలు మాయమయ్యాయని, తెర తిరిగే అక్షం దగ్గర ఒకే నాళం జంటగా కనిపిస్తోందని కంగారుగా పిలిచింది. వారి ఆందోళన సహజమే. ఆ స్కాన్ మీదే వారి ప్రాజెక్టు ఆధారపడి ఉంది. కొమ్మలు పోయింది వెలుగు, ఛాయలు చాలకే. జంట నాళానికి కారణం వేరు: తెర అక్షం నుంచి వెంట్రుకవాసి జరిగినా, ఒకే వోక్సెల్ మొదటి అర్ధభ్రమణంలో ఒకచోట, రెండో అర్ధభ్రమణంలో దానికి ఎదురుదిక్కున మరోచోట పడుతుంది. పాత పొరల సంఖ్యకే తిరిగి వెళ్లి, కెమెరాతో పొరపొరనూ కాలిబ్రేట్ చేశాక (చుక్కలు పడే చోటును కొలిచి సవరించాక) రెండు నాళాలూ ఒకటయ్యాయి, కొమ్మలూ తిరిగి కనిపించాయి. వోక్సెళ్లకు ఖర్చు పెట్టే ముందు కాలిబ్రేషన్, ఆ తర్వాత డిథరింగ్ నమూనాను పొరపొరకూ మార్చడం, గదిలో వెలుతురు తగ్గించడం ఈ వరుసలో చూసుకోవాలి.

అపోహ: ముందు భాగంలోంచి వెనుక భాగం కనిపిస్తే యంత్రం పాడైనట్టే.

వాస్తవం: ఈ డిస్‌ప్లేల్లో చాలావాటిలో వెలుగు వెలుగుతో కలుస్తుందే తప్ప దాన్ని అడ్డుకోదు. వీక్షకులు ఒకవైపే ఉంటే, వారికి కనిపించకూడని వెనుక ఉపరితలాలను గీయకుండా వదిలేస్తే సరిపోతుంది.

అపోహ: ఎల్ఈడీ ఫ్యాన్ హోలోగ్రామ్ కూడా ఇలాంటిదే.

వాస్తవం: కాదు. ఒకే తలంలో తిరిగే ఆ రెక్కలు చూపేది చదునైన బొమ్మను. ఆ వీడియోలు పంపి ఇంత ప్రకాశం కావాలని అడగడం ఇకనైనా మానాలి.

అపోహ: త్రీడీ కాబట్టి కళ్లు పాడవుతాయి.

వాస్తవం: స్టీరియో త్రీడీలో కళ్లు కలిసే దూరం, ఫోకస్ చేసే దూరం వేరు కావడం వల్ల అలసట వస్తుంది. ఇక్కడ వెలుగు నిజంగా ఆ లోతు నుంచే వస్తుంది కనుక ఆ రెండూ ఒకటే. అయినా తలనొప్పి అనిపిస్తే, భయపడే ముందు బొమ్మ మినుకుమంటోందేమో చూసి, పొరలు తగ్గించి రిఫ్రెష్ రేటు పెంచండి.