‘ఎన్ని మార్కులొచ్చాయండీ?’ – ఇంటర్నేషనల్ ప్రైమరీ చదువుపై అపోహలు, వాస్తవాలు

విశాఖలో కేంబ్రిడ్జ్ ప్రైమరీ (బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన సంస్థ రూపొందించిన ప్రాథమిక చదువు) పిల్లలకు లెక్కలు, సైన్స్ చెబుతాను. అడ్మిషన్ల రోజుల్లో మధురవాడ నుంచి, ఎంవీపీ కాలనీ నుంచి, గాజువాక నుంచి అమ్మానాన్నలు వస్తారు. ఇంచుమించు అందరివీ ఇవే సందేహాలు.

అపోహ: పరీక్షలే ఉండవట, పిల్లలు ఆడుకుంటూ కూర్చుంటారట.

ఉంటాయి. 5 నుంచి 11 ఏళ్ల పిల్లల చదువును కేంబ్రిడ్జ్ 6 స్టేజీలుగా విడదీసింది. రోజూ క్లాసులో పిల్లాడు ఎక్కడున్నాడో చూసుకోవడం టీచర్ పని. 3 నుంచి 6 వరకు స్టేజీలకు ప్రోగ్రెషన్ టెస్టులని కేంబ్రిడ్జ్ తయారుచేసిన పేపర్లుంటాయి, వాటిని మేమే దిద్దుతాం. ఆరో స్టేజీ చివర ప్రైమరీ చెక్‌పాయింట్ అనే పరీక్ష ఉంటుంది. ఆ జవాబు పత్రాలు దిద్దడానికి కేంబ్రిడ్జ్‌కే వెళ్తాయి. అయితే చెక్‌పాయింట్ రాయించాలా వద్దా అన్నది బడి ఇష్టం. కాబట్టి ఫీజు కట్టేముందే ఆ మాట అడగండి.

అపోహ: లెక్కల్లో వెనకబడిపోతారు, రేపు ఐఐటీ ఫౌండేషన్‌కి పనికిరారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇదే. అందుకే ఒక రోజు జరిగింది చెబుతాను.

‘రెండు బేసి సంఖ్యలు కూడితే ఎప్పుడూ సరి సంఖ్యే వస్తుందా? నాకు నమ్మకం కలిగించండి’ అని బోర్డు మీద రాశాను. ఒక బాబు 3+5=8, 7+9=16, 11+13=24 అని గబగబా పది లెక్కలు రాసేశాడు. అన్నీ ఒప్పే. పక్క బెంచీలో ఒక పాప డబ్బాలోంచి చింతపిక్కలు తీసి 7 ఒక పక్క, 5 ఒక పక్క పోసింది. రెండింటినీ జతలు జతలుగా పేర్చింది. ఇటు ఒకటి, అటు ఒకటి మిగిలాయి. ఆ రెండింటినీ దగ్గరికి జరిపి, ‘టీచర్, ఎన్ని పిక్కలు పోసినా మిగిలేది ఒక్కొక్కటే కదా, వాటికి అవే జత’ అంది.

మార్కులే చూస్తే బాబుకి పదికి పది. కానీ అతను చూపించినవి ఉదాహరణలు. అన్ని బేసి సంఖ్యలకీ సరిపోయే కారణం చెప్పింది పాప. కేంబ్రిడ్జ్ లెక్కల సిలబస్‌లో ఒప్పించడం, సాధారణీకరించడం అని విడిగా రాసి ఉన్న నైపుణ్యాలు ఇవే. బాబు నోట్సులో నేను ‘పదకొండో లెక్క తప్పు కాదని నీకెలా తెలుసు?’ అని రాశాను. రెండు రోజుల తర్వాత చుక్కల బొమ్మ గీసుకొచ్చాడు. మా దృష్టిలో మదింపంటే ఆ ప్రశ్న, దానికి అతను తెచ్చిన బొమ్మ. ఇలా ఆలోచించడం అలవాటైన పిల్లలు పోటీ పరీక్షలో వెనకబడతారంటే నేనొప్పుకోను.

ఈ భయంలో నిజం కొంత ఉంది. ఎక్కాలు నోటికి రాకపోతే ఈ ఆలోచనంతా సగంలో ఆగిపోతుంది. కొన్ని బడుల్లో యాక్టివిటీల పేరుతో అభ్యాసం తగ్గిస్తున్నారు. రాత్రి అన్నాలయ్యాక ఒక పది నిమిషాలు ఎక్కాలు అప్పజెప్పించుకోండి.

అపోహ: చెక్‌పాయింట్‌లో 27 వచ్చిందంటే అత్తెసరు మార్కులే.

ఒక తల్లి రిపోర్టు చేతిలో పట్టుకుని ‘యాభైకి ఇరవయ్యేడేనా’ అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నూటికి 54 అని లెక్క కట్టేశారావిడ. అది శాతం కాదమ్మా అని పక్కన కూర్చుని చూపించాను. ఇప్పుడున్న స్కేలు 0 నుంచి 50. అందులో 21–30 అంటే ‘గుడ్’, 31–40 ‘హై’, 41–50 ‘అవుట్‌స్టాండింగ్’. పాస్, ఫెయిల్ అనేవి లేవు. పాత రిపోర్టుల్లో స్కేలు 6 దాకానే ఉండేది, కాబట్టి అక్క రిపోర్టు పక్కన తమ్ముడి రిపోర్టు పెట్టి పోల్చకండి. మొత్తం అంకె కన్నా కింద విడివిడిగా ఇచ్చే భాగాలు చూడండి: సంఖ్యలు, జ్యామితి-కొలతలు, గణాంకాలు. ఆవిడ బాబు సంఖ్యల్లో బాగున్నాడు, కొలతల్లో తడబడ్డాడు. వేసవిలో ఏం చేయాలో అక్కడే తెలిసిపోయింది.

అపోహ: ఐబీ అన్నా కేంబ్రిడ్జ్ అన్నా ఒకటే.

2024 జనవరిలో మన రాష్ట్ర పాఠ్యాంశాలు చూసే ఎస్‌సీఈఆర్‌టీ, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) అనే మరో అంతర్జాతీయ చదువుల సంస్థతో ఒప్పందం చేసుకున్నప్పటి నుంచి ఈ కలగాపులగం ఎక్కువైంది. ఐబీ వారి ప్రైమరీ ఇయర్స్ ప్రోగ్రామ్ 1997లో మొదలైంది, 3 నుంచి 12 ఏళ్ల పిల్లలకు. అందులో బయటి వాళ్లు పెట్టే పరీక్ష లేదు. చివరి ఏడాది పిల్లలు ఒక సమస్యను తీసుకుని పరిశోధించి ‘ఎగ్జిబిషన్’లో అందరి ముందు పెడతారు.

అపోహ: ఈ చదువులో తెలుగు మాట్లాడకూడదు.

అలాంటి నియమమేదీ కేంబ్రిడ్జ్‌లో లేదు. స్థానిక భాష నేర్పుకునే వీలు ఉంది. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడని పిల్లల కోసం రెండో భాషగా ఇంగ్లిష్ అని వేరే సిలబస్, వేరే పరీక్ష కూడా ఉన్నాయి. నేను మొదట పనిచేసిన బడిలో వరండాలో తెలుగు మాట నోటవస్తే పిల్లల పేర్లు బోర్డు మీద రాయించేవారు. నా చేత్తో నేనూ రాశాను. ఇప్పటికీ తలచుకుంటే బాధేస్తుంది. చింతపిక్కల పాప ఆ రోజు తన కారణం చెప్పింది తెలుగులోనే. ఇంగ్లిష్‌లో రాయడం ఆ తర్వాత ఇద్దరం కలిసి చేశాం.