సింధు డెల్టా: పంపకాల్లో లేని వాటాదారు

2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో, ఖైర్‌పూర్ జిల్లా బాబర్లోయి బైపాస్ మీద లాయర్లు బైఠాయించారు. రోజులు గడిచేకొద్దీ రైతులు, రాజకీయ పార్టీల కార్యకర్తలు, మామూలు జనం వాళ్లతో కలిశారు. పాకిస్తాన్ పంజాబ్‌కీ కరాచీ రేవుకీ మధ్య సరుకు లారీలు కిలోమీటర్ల పొడవున నిలిచిపోయాయి. సింధు నది వ్యవస్థ మీద కొత్తగా ఆరు కాలువలు తవ్వుతామని కేంద్రం చెప్పడమే ఇందుకు కారణం. వాటిలో ఎక్కువ గొడవ రేపింది పంజాబ్ ఎడారి ప్రాంతానికి నీళ్లు తీసుకెళ్లే చోలిస్తాన్ కాలువ. ఆ ఫిబ్రవరిలో పంజాబ్ ముఖ్యమంత్రి మరియం నవాజ్, ఆర్మీ చీఫ్ అసిమ్ మునీర్ కలిసి దాన్ని ప్రారంభించారు. మార్చిలో సింధ్ అసెంబ్లీ ఏకగ్రీవంగా వ్యతిరేక తీర్మానం చేసింది.

బయటివాళ్లకు ఇది రెండు రాష్ట్రాల నీటి తగాదాగా కనిపిస్తుంది. మనకు ఇలాంటివి కొత్త కాదు. కానీ ఆ నిరసనల్లో వినిపించిన నినాదాల్లో ఒకటి పొలాల గురించి కాదు, నది సముద్రంలో కలిసే చోటు గురించి. సింధు మీద చివరిదైన కోట్రి బ్యారేజీ దిగువకు నీళ్లు వదలాలన్న ఆ డిమాండ్ వెనక చాలా పాత చరిత్ర ఉంది.

సింధ్, పంజాబ్ మధ్య పేచీ దేశ విభజనకు ముందే మొదలైంది. ఎగువన పంజాబ్ తలపెట్టిన ప్రాజెక్టుల వల్ల తమ కాలువలు ఎండిపోతాయని సింధ్ ఫిర్యాదు చేస్తే, 1941లో బెనగల్ నరసింగ రావు అధ్యక్షతన బ్రిటిష్ ప్రభుత్వం కమిషన్ వేసింది. తర్వాత రాజ్యాంగ సభకు సలహాదారుగా పనిచేసిన బి.ఎన్. రావు ఈయనే. అప్పటి వాదనంతా ఏ కాలువకు ఎన్ని క్యూసెక్కులన్న దాని చుట్టూనే తిరిగింది. డెల్టాకూ నీళ్లు కావాలన్న మాట అందులో పెద్దగా లేదు.

ఇక కట్టడాలు వరుసగా వచ్చాయి. 1932లో సుక్కూర్ బ్యారేజీ, 1955లో సముద్రానికి ముందు చివరి అడ్డుకట్ట అయిన కోట్రి, 1962లో గుడ్డు బ్యారేజీ కట్టారు. 1960 సింధు ఒప్పందంతో రావి, బియాస్, సట్లెజ్ నదులు భారత్‌కు దక్కాయి. ఆ లోటు పూడ్చుకోవడానికి పాకిస్తాన్ మంగ్లా, తర్బేలా డ్యాములు కట్టింది. కోట్రి వచ్చాక ఏడాదిలో చాలా నెలలు దాని దిగువన నది అనేదే లేకుండా పోయింది.

ఆ తేడా ముందుగా తెలిసింది చేపలవాళ్లకు. సింధీలు 'పల్లా' అని పిలిచే చేప మన గోదావరి జిల్లాల పులసే. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తీపి నీళ్లలోకి ఎదురీదే జాతి. సింధీ హిందువులు కొలిచే ఝూలేలాల్ పటాల్లో ఆయన కూర్చునేది పల్లా మీదే. ఒకప్పుడు నదిలో చాలా దూరం ఎగువకు వెళ్లే ఈ చేపను ముందు సుక్కూర్, తర్వాత కోట్రి ఆపేశాయి. ధవళేశ్వరం దగ్గర పులస పరిస్థితీ ఇంతే. పుస్తెలమ్మైనా పులస తినాలనేవాళ్లకు ఈ నష్టం గురించి వేరే చెప్పాల్సిన పని లేదు. కాకపోతే గోదావరిలో ఏటా వరద వస్తుంది, పులసకు దారి దొరుకుతుంది. సింధు చివర్లో అదీ గ్యారంటీ లేదు.

డెల్టాకు నీళ్లతో పాటు ఒండ్రు కూడా కావాలి. నది తెచ్చే మట్టి ఏటా కొంత పేరుకుంటేనే అలల కోత, నేల కుంగుబాటు సర్దుకుంటాయి. తీపి నీళ్లు వచ్చి కలిస్తేనే నది సముద్రంలో కలిసే మొగల్లో ఉప్పు తగ్గి, రొయ్య పిల్లలు, చేప పిల్లలు పెరుగుతాయి. రెండూ ఆగిపోతే సముద్రం లోపలికి వస్తుంది. తట్టా, బదీన్, సుజావల్ జిల్లాల్లో జరిగింది ఇదే. పాత లెక్కల ప్రకారం 17 పాయలున్న డెల్టాలో ఇప్పుడు నది నీళ్లు చేరేవి ఒకటో రెండో. ఒకప్పుడు ఎర్ర బియ్యం పండించి, ఓడల మీద ఎగుమతి చేసిన కేటీ బందర్, ఖారో ఛాన్ ప్రాంతాల్లో తాగడానికి ట్యాంకర్ నీళ్లే దిక్కు. ఊళ్లు ఖాళీ చేసిన కుటుంబాలు చాలావరకు కరాచీ శివార్లలోని మత్స్యకార బస్తీలకు చేరాయి.

ఈ కథలో అసలు మలుపు 1991 మార్చి నాటి నీటి ఒప్పందం. నాలుగు రాష్ట్రాల కాలువలకు 114.35 మిలియన్ ఎకరపు అడుగులు పంచారు. మన లెక్కలో సుమారు 4,980 టీఎంసీలు, బచావత్ ట్రిబ్యునల్ పంచిన కృష్ణా నీళ్లకు రెట్టింపు పైమాటే. పంజాబ్‌కు 55.94, సింధ్‌కు 48.76, మిగతాది మిగతా రెండిటికి. సముద్రం చొచ్చుకు రాకుండా కోట్రి దిగువకు కొంత నీరు పోవాలని అదే పత్రంలోని ఏడో పేరా ఒప్పుకుంది. 10 మిలియన్ ఎకరపు అడుగులు, అంటే దాదాపు 435 టీఎంసీలు కావాలని సింధ్ అంది. వేరే అధ్యయనాలు వేరే అంకెలు చెప్పాయి. చివరికి 'మరిన్ని అధ్యయనాలు చేద్దాం' అని రాసుకున్నారు. పంట కాలువల వాటాలు ఆ రోజే తేలాయి, డెల్టా వాటా మాత్రం వాయిదా పడింది. ఆ తర్వాత ఉద్యమకారులు చేసిందంతా ఆ వాయిదాను గుర్తు చేయడమే.

1998లో కరాచీ పక్కన ఇబ్రహీం హైదరీలో పాకిస్తాన్ ఫిషర్‌ఫోక్ ఫోరం పుట్టింది. మహమ్మద్ అలీ షా, తాహిరా అలీ దాన్ని నడిపించిన ముఖ్య నాయకులు. మత్స్యకార ఆడవాళ్లను రోడ్ల మీదికి తీసుకొచ్చిన ఘనత తాహిరాది. ఏటా మార్చి 14న, అంతర్జాతీయ నదుల దినోత్సవం నాడు, నది ఒడ్డున ర్యాలీలు జరిపారు. సరస్సుల్లో కాంట్రాక్టర్ల పెత్తనం మీద కూడా పోరాడారు. ఆ పోరు ఫలించి 2011లో సింధ్ లైసెన్సు పద్ధతికి మారింది. నది నీళ్ల విషయంలో అలాంటి గెలుపు రాలేదు.

ఫోరం పుట్టిన కొద్దికాలానికే పెద్ద కరువు వచ్చింది. నెలల తరబడి కోట్రి గేట్లు దాటి చెప్పుకోదగ్గ నీరు రాలేదు. ఒత్తిడి పెరిగి, 1991లో రాసుకున్న అధ్యయనాలు ఎట్టకేలకు మొదలయ్యాయి. 2005లో అంతర్జాతీయ నిపుణుల బృందం తేల్చింది: ఏడాది పొడవునా 5,000 క్యూసెక్కులు వదలాలి, దీనికి అదనంగా ప్రతి ఐదేళ్లలో మొత్తం 25 మిలియన్ ఎకరపు అడుగులు వరదలా పంపాలి. మొదటిది ఉప్పును ఆపడానికి, రెండోది ఒండ్రు కోసం.

అంకె వచ్చాక కొత్త చిక్కు మొదలైంది. 2010 వరదల్లో ఒక్క సీజన్‌లోనే ఐదేళ్ల కోటాకు మించి నీళ్లు కోట్రి దాటాయి. సగటు తీస్తే డెల్టాకు కావలసినదానికన్నా ఎక్కువే అందుతోందని, ఆ నీళ్లన్నీ సముద్రం పాలవుతున్నాయని డ్యాములు కోరేవాళ్లు వాదిస్తారు. కానీ ఆగస్టులో ఊళ్లు ముంచిన నీళ్లు జనవరిలో రొయ్యకు పనికి రావు. నిపుణులు నికరంగా అడిగిన 5,000 క్యూసెక్కులు ఏడాదికి సుమారు 158 టీఎంసీలు మాత్రమే. అవే చలికాలంలో కనిపించవు. సగటు లెక్క చెప్పి నెలవారీ కొరతను దాచడం, నా దృష్టిలో, ఈ వివాదంలోకెల్లా పెద్ద మోసం.

డెల్టాకు మంచినీళ్లు రాకపోగా మురుగు వచ్చింది. ప్రపంచ బ్యాంకు డబ్బుతో కట్టిన ఎడమగట్టు డ్రెయిన్ ఎగువ పొలాల ఉప్పునీటిని బదీన్ తీరానికి మోసుకొచ్చింది. 1999 తుఫానులో దాని సముద్రపు కొస తెగిపోయింది. 2004లో అక్కడి జనం బ్యాంకు తనిఖీ ప్యానెల్‌కు ఫిర్యాదు చేశారు. వాళ్ల నష్టం నిజమేనని 2006 నివేదిక చాలావరకు ఒప్పుకుంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం కూడా సరికాదు. సింధ్ అటవీ శాఖ మడ మొక్కలు విరివిగా నాటింది. 2009లో కేటీ బందర్ దగ్గర ఒక్క రోజులో 5,41,176 మొక్కలు నాటి గిన్నిస్ రికార్డు కొట్టింది. తర్వాత ఆ రికార్డును తానే దాటింది. మడ విస్తీర్ణం నిజంగానే పెరిగింది, కార్బన్ క్రెడిట్లూ అమ్ముతున్నారు. అయితే అక్కడ బతికేది ఎక్కువగా ఉప్పును బాగా తట్టుకునే తెల్ల మడే. మొక్క నాటడానికి పంజాబ్‌తో తగువు అక్కర్లేదు, కాలువ గేటు మూయక్కర్లేదు. అందుకే అది అందరికీ నచ్చిన పరిష్కారం.

ఇంకో చేదు నిజం సింధ్ లోపలే ఉంది. ఇస్లామాబాద్‌లో డెల్టా పేరు చెప్పి 10 మిలియన్ ఎకరపు అడుగులు అడిగే నాయకుల్లో పెద్ద భూస్వాములున్నారు. ఎద్దడి ఏడాదిలో సుక్కూర్, కోట్రి కాలువలకు ముందు నీళ్లు, మిగిలితే నదికి. 2025 నిరసనల బలమంతా రైతులది, లాయర్లది. మత్స్యకారులు అందులో ఉన్నారు గానీ బేరం వాళ్ల చేతిలో లేదు.

ఏప్రిల్ 22 పహల్గాం దాడి తర్వాత సింధు ఒప్పందాన్ని భారత్ నిలిపి ఉంచడంతో నీళ్ల చర్చ మరో దిక్కుకు తిరిగింది. 28న కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చునే పాకిస్తాన్ ఉమ్మడి ప్రయోజనాల మండలి సమావేశమై, రాష్ట్రాల మధ్య ఏకాభిప్రాయం లేకుండా కొత్త కాలువలు తవ్వబోమని తీర్మానించింది. బాబర్లోయి ధర్నాకు ఫలితం దక్కింది. దీర్ఘకాలిక నీటి ప్రణాళిక కోసం ఒక కమిటీ వేస్తామన్నారు. అందులో కేంద్రానికి, నాలుగు రాష్ట్రాలకు చోటుంది. 1991 ఒప్పందంలోని ఏడో పేరా సంగతి ఆ ప్రకటనలో లేదు.