నల్లబడిన వెండి నాణేన్ని తోమకండి: అపోహలు - వాస్తవాలు

శ్రావణమాసం వస్తే చాలు, నాకు ఒకే రకం ఫోన్లు. "పూజ సామానుతో పాటు అమెరికా నాణెం కూడా తోమేశామండీ, ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుంది?" విశాఖలో నాణేలకు విలువ కట్టే పని నాది. ఈ ప్రశ్న విన్న ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది.

అమెరికా మింట్ 2010 నుంచి 2021 వరకు జాతీయ పార్కులు, చారిత్రక స్థలాల మీద 56 డిజైన్లలో పావు డాలర్లు వేసింది. అవే డిజైన్లతో అయిదు ఔన్సుల (155.5 గ్రాముల) వెండి నాణేలూ వచ్చాయి. అక్కడ స్థిరపడ్డ పిల్లలు అమ్మానాన్నల కోసం తెస్తుంటారు. ఎంవీపీ కాలనీలో, లాసన్స్ బేలో చాలా ఇళ్లల్లో చూశాను.

అపోహ: అసలు వెండి నల్లబడదు. నల్లబడ్డా, తోమి మెరిపిస్తే ధర పెరుగుతుంది.

వాస్తవం: 999 వెండి, అంటే 99.9 శాతం స్వచ్ఛమైనది కూడా నల్లబడుతుంది. గాలిలోని గంధకం వెండితో కలిసి పల్చటి పొర కడుతుంది. తేమ ఉంటే ఇంకా తొందరగా కడుతుంది, మన ఊళ్లో తేమకు కరువేముంది? ఆ పొర వల్ల వెండికి వచ్చే నష్టం లేదు. నష్టమంతా విభూతి, చింతపండు, పళ్లపొడి వల్లే. ఇక ‘పి’ గుర్తు (ఫిలడెల్ఫియా టంకశాల గుర్తు) ఉన్న నాణేలకు మింట్ వాళ్లే మెరుపు లేని ప్రత్యేకమైన ఫినిష్ ఇచ్చారు. ఒక్కసారి రుద్దితే అది పోతుంది, మళ్లీ తెప్పించే దారి లేదు.

కిందటేడు ఒక రిటైర్డ్ మాస్టారు యోసెమిటీ పార్కు నాణెం తెచ్చారు. ఎల్ కాపిటన్ కొండ ఉన్నది. భూతద్దం పెట్టి చూస్తే కొండ మీదంతా వెంట్రుకవాసి గీతలు, అన్నీ ఒకే వైపుకి. అక్షరాల సందుల్లో తెల్లగా పళ్లపొడి. "కోడలిని ఏమీ అనకండి బాబూ, నేనే తోమాను" అన్నారాయన. చెయ్యి వణుకుతోంది. కాటా మీద పెట్టి చూపించాను: 155.5 గ్రాములూ ఉన్నాయి. మాస్టారూ, వెండి ఎక్కడికీ పోలేదు, తూకం ధర ఎప్పుడూ మీదే, పోయింది నాణేలు సేకరించేవాళ్లు ఆ ధర మీద అదనంగా ఇచ్చే సొమ్ము మాత్రమే అని చెబితే కాస్త తేరుకున్నారు. ఇప్పటికే తోమేసినవాళ్లు కూడా టెన్షన్ పడకండి. ఇంకోసారి తోమకపోతే చాలు.

నాణేన్ని 76 మిల్లీమీటర్ల గట్టి క్యాప్సూల్‌లో (నాణేలు దాచే ప్లాస్టిక్ డబ్బీ) పెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లం ఉంచండి. రబ్బరు బ్యాండు, న్యూస్ పేపరు, పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) కవరు దగ్గరికి రానివ్వకండి. పీవీసీ కవర్లో ఏళ్ల తరబడి ఉంటే ఆకుపచ్చ జిగురు పడుతుంది. దానికి స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీయడమే, రుద్దకూడదు. గోళ్ల రంగు తీసే ద్రావణం వద్దు. అసిటోన్ పొయ్యి దగ్గర అసలే వద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

హాల్‌మార్క్ లేదు కాబట్టి నకిలీ అంటారు. విదేశీ మింట్ నాణేనికి మన హాల్‌మార్క్ ఎందుకుంటుంది? అంచు చూడండి, .999 అని చెక్కి ఉంటుంది.

అయస్కాంతానికి అంటుకోలేదు కాబట్టి వెండే అంటారు. రాగీ అంటుకోదు. తూకం, కొలత రెండూ చూడాలి. ఇదే సైజు రాగి బిళ్లకు వెండి పూత వేస్తే దాదాపు 133 గ్రాములే తూగుతుంది.

అనుమానం తీరాలంటే గీటురాయి మీద గీయించాలట! దయచేసి వద్దు. ఏ కొట్లోనైనా రాయి బయటికి తీస్తే మీ నాణెం మీరు తీసేసుకోండి.

అమెరికాలో చిల్లరగా చేతికొచ్చే పార్కుల పావు డాలర్లలో వెండి లేదు, రాగి-నికెలే. అలాగని ఇటు మన స్మారక నాణేలన్నీ పూర్తి వెండి అనుకోవద్దు. ఎన్నో ఏళ్లుగా వచ్చిన 35 గ్రాముల 100 రూపాయల నాణేల్లో వెండి 50 శాతమే. మిగతాది 40 శాతం రాగి, చెరో 5 శాతం నికెల్, జింక్. 35 గ్రాముల వెండి లెక్క చెప్పి అమ్మేవాళ్ల దగ్గర కొనకండి.