కోర్టు డేట్ ఎగ్గొడితే కేసు చల్లబడుతుందా? డిపోర్టేషన్‌పై అపోహలు - వాస్తవాలు

"మేడమ్, ఎన్‌టీఏ (ఇమిగ్రేషన్ కోర్టుకు హాజరవ్వమనే నోటీసు) వచ్చింది. కోర్టుకు వెళ్తే అక్కడే పట్టుకుంటారట కదా, వేరే స్టేట్‌కి మారిపొమ్మంటున్నారు ఫ్రెండ్స్." అమెరికాలో ఇమిగ్రేషన్ కేసులు చూసే నాకు ఈ ఫోన్ రాని వారం ఉండదు. స్టేటస్ పోయిన స్టూడెంట్లు, ఉద్యోగం పోయాక ఉండిపోయిన హెచ్1బీ వాళ్ళు, విజిటర్ వీసా గడువు దాటిన పెద్దవాళ్ళు... అందరికీ ఈ సలహా ఎవరో ఒకరు ముందే ఇచ్చేసి ఉంటారు. ఇచ్చినవాడికి పోయేదేముంది?

అపోహ: హాజరు కాకపోతే ఫైలు మూలన పడుతుంది.

వాస్తవం: ఆ రోజే కేసు ముగిసిపోవచ్చు. మీకు నోటీసు పంపామనీ, మీకిక్కడ ఉండే హక్కు లేదనీ ప్రభుత్వ లాయర్ చూపిస్తే చాలు, మీరు లేకుండానే జడ్జి రిమూవల్ ఆర్డర్, అంటే దేశం నుంచి పంపేయమనే ఉత్తర్వు, ఇస్తారు. దాన్నే ఇన్ అబ్సెన్షియా ఆర్డర్ అంటాం. ఆ తర్వాత దొరికితే ఇంకో విచారణ లేకుండానే పంపేయొచ్చు. ఆ ఆర్డర్‌తో దేశం దాటితే, ప్రత్యేక అనుమతి తెచ్చుకోకపోతే పదేళ్ళు తిరిగి రాలేరు.

తీవ్రమైన అనారోగ్యం లాంటి కారణం ఉంటే 180 రోజుల్లోపు కేసు తిరిగి తెరవమని కోర్టుకు మోషన్ (రాతపూర్వక అభ్యర్థన) వేయొచ్చు. నోటీసు నిజంగా అందకపోతే ఎప్పుడైనా వేయొచ్చు. కానీ ఇల్లు మారి కోర్టుకు చెప్పకపోతే "అందలేదు" అన్న మాటకు బలం ఉండదు. ఎన్‌టీఏలో తేదీ లేకపోతే చెల్లదని యూట్యూబ్‌లో చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. తేదీ తర్వాత వేరే కాగితంలో పంపినా సరిపోతుందని అమెరికా సుప్రీంకోర్టు 2024లోనే కాంపోస్-చావెస్ కేసులో తేల్చేసింది.

నా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి డాలస్ నుంచి న్యూజెర్సీ మారాడు. జాగ్రత్తపరుడే, వీసా, గ్రీన్ కార్డు అప్లికేషన్లు చూసే యూఎస్‌సీఐఎస్‌కి అడ్రస్ మార్పు ఫారం ఏఆర్-11 పెట్టాడు. అది కోర్టుకు చేరదు. కోర్టుకు ఈఓఐఆర్-33 అనే అడ్రస్ ఫారం విడిగా, 5 రోజుల్లో ఇవ్వాలి. నోటీసు పాత అపార్ట్‌మెంట్‌కి వెళ్ళింది. ఆ తర్వాత సిటిజన్ అమ్మాయితో పెళ్ళయింది. గ్రీన్ కార్డుకి పేపర్లు పెట్టేముందు అతని ఏ-నంబర్ (ఇమిగ్రేషన్ ఫైలు నంబర్) కోర్టు వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే ఆర్డర్ కనిపించింది. వీసా మీద సక్రమంగా వచ్చినవాడు, భార్య సిటిజన్. హాజరై ఉంటే ఓవర్‌స్టే అడ్డయ్యేది కాదు, గ్రీన్ కార్డు అక్కడే అడిగేవాళ్ళం. ఇప్పుడు మోషన్ వేసి కూర్చున్నాం. అమెరికా వెనక్కి పంపినవాళ్ళతో అమృత్‌సర్‌లో సైనిక విమానం దిగడం 2025 ఫిబ్రవరిలో టీవీలో చూసినప్పటి నుంచి గుంటూరులో వాళ్ళమ్మగారికి నిద్ర లేదు. "మావాడికీ సంకెళ్ళు వేస్తారా అమ్మా" అని అడిగితే ఏం చెప్పను?

కోర్టుల దగ్గర అరెస్టులు 2025 నుంచి జరుగుతున్న మాట నిజమే. భయం అర్థమవుతుంది. అందుకే ముందు లాయర్‌ని కలవండి, వెబెక్స్‌లో, అంటే వీడియో కాల్‌లో, హాజరుకు మోషన్ వేయించండి. అనుమతి రాకపోతే మాత్రం వెళ్ళాల్సిందే.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను. పిల్లాడు ఇక్కడ పుట్టాడు కాబట్టి పంపలేరంటారు. వాడికి 21 నిండేదాకా మీకు పిటిషన్ వేయలేడు. పదేళ్ళుంటే గ్రీన్ కార్డు ఇస్తారన్నదీ అంతే. పదేళ్ళతో పాటు మంచి నడవడి ఉండాలి, సిటిజన్ లేదా గ్రీన్ కార్డు ఉన్న భార్యకో, భర్తకో, పిల్లలకో, తల్లిదండ్రులకో అసాధారణమైన కష్టం వస్తుందని రుజువు చేయాలి. లాయర్‌ని ప్రభుత్వం ఇవ్వదు. ఉచితంగా చూసేవాళ్ళ జాబితా మాత్రం కోర్టు ఇస్తుంది, అడిగి తీసుకోండి. కన్సల్టెన్సీవాళ్ళు అల్లిచ్చే అసైలమ్ (ఆశ్రయం) కథ మీద సంతకం పెట్టకండి. తెలిసి అబద్ధం చెప్పారని జడ్జి తేలిస్తే జీవితాంతం ఏ ఇమిగ్రేషన్ లాభమూ రాదు.

వాలంటరీ డిపార్చర్ (కోర్టు అనుమతితో స్వయంగా దేశం విడిచి వెళ్ళడం) అంటే ఓడిపోవడమని చాలామంది ముఖం చిన్నబుచ్చుకుంటారు. 2019లో ఫార్మింగ్టన్ అనే నకిలీ యూనివర్సిటీ కేసులో పట్టుబడ్డ మన స్టూడెంట్లలో చాలామంది అలాగే వెళ్ళారు. రిమూవల్ ఆర్డర్ మీద పడదు. మొదట్లోనే అడిగితే 120 రోజుల దాకా, చివర్లో అయితే 60 రోజుల దాకా టైమ్ దొరకొచ్చు. వేరే దారి లేనివాళ్ళకు నేనే అడగమని చెబుతాను, కానీ ఒప్పుకున్నాక గడువులోపు విమానం ఎక్కాలి. ఎక్కకపోతే అది రిమూవల్ ఆర్డర్‌గా మారుతుంది, పైగా జరిమానా.