ఆరిపోయే సూర్యుడి కింద మాంత్రికులు: అపోహలు - వాస్తవాలు

నేను ఫాంటసీ కథలు రాస్తాను, కొత్తవాళ్లు రాసినవి దిద్దుతాను. అమెరికన్ రచయిత జాక్ వాన్స్ 1950లో తెచ్చిన 'ది డయింగ్ ఎర్త్' సంపుటి ప్రస్తావన వస్తే చాలు, ఈ మాటలే వినిపిస్తాయి. ఉన్నవి ఆరు కథలు. లెక్కకందని భవిష్యత్తు, ముసలిదైపోయిన భూమి, నేడో రేపో ఆరిపోయేలా ఎర్రటి సూర్యుడు.

అపోహ: మంత్రాలుంటే టెన్షన్ ఉండదు. మాంత్రికుడు ఏదైనా చేసేస్తాడు.

వాస్తవం: ఈ పుస్తకంలో మంత్రం అంత తేలిగ్గా దొరకదు. గ్రంథం తెరిచి, కష్టపడి బుర్రకెక్కించుకోవాలి. ప్రయోగించగానే అది మనసులోంచి చెరిగిపోతుంది. మజీరియన్ అంతటి మాంత్రికుడికి కూడా పెద్ద మంత్రాలైతే నాలుగు, చిన్నవైతే ఆరు, అంతకుమించి పట్టవు. అతను ఐదు మంత్రాలు ఎక్కించుకుని, పారిపోతున్న అమ్మాయి వెంట అడవిలో పడతాడు. ఒక్కో గండానికి ఒక్కోటి ఖర్చవుతుంటే, ఇంకెన్ని మిగిలాయా అని మనమే వేళ్లు మడుస్తాం. 1974లో వచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటకు, దాని రూపకర్తల్లో ఒకడైన గ్యారీ గైగాక్స్ ఈ పద్ధతినే తీసుకున్నాడు. నా దగ్గరికొచ్చే కథల్లో సగం, మాంత్రికుడి శక్తికి హద్దు పెట్టకపోవడం వల్లే చప్పబడతాయి.

అపోహ: లోకం అంతమవుతోందంటే, దాన్ని కాపాడే వీరుడొకడు ఉంటాడు.

వాస్తవం: సూర్యుణ్ణి బాగుచేద్దామని ఎవరూ బయల్దేరరు. ఎవరి గొడవ వాళ్లది. ఒక కథలో గయాల్ అనేవాడికి తన ప్రశ్నలకు జవాబులు కావాలి. ఇంకో కథలో లియాన్ అనేవాడికి లిత్ అనే మంత్రగత్తె కావాలి. ఆమె తన బొమ్మల తెరలో పోయిన సగాన్ని చన్ అనే భయంకర జీవి దగ్గర్నుంచి తెమ్మంటుంది. లియాన్ దగ్గర ఒక కంచు ఉంగరం ఉంది. సాగదీసి లోపలికి దూరితే మాయమైపోవచ్చు. చన్ తరుముతుంటే అలాగే దూరి, హమ్మయ్య అనుకుంటాడు. ఆ చీకట్లోనే, వెనకనుంచి చన్ పలుకుతాడు. చన్ వేసుకునే అంగీ నిండా మనుషుల కనుగుడ్లే. అందులోకి ఇంకో జత చేరుతుంది.

అపోహ: ఇలాంటి కథలకు ఆద్యుడు వాన్సే.

వాస్తవం: కాదు. క్లార్క్ ఆష్టన్ స్మిత్ 1930ల్లోనే జోథీక్ అనే చివరి ఖండం మీద కథలు రాశాడు. హెచ్.జి. వెల్స్ 1895లోనే 'ది టైమ్ మెషీన్' నవలలో ఎర్రటి సూర్యుడి కింద నిర్జన సముద్రతీరాన్ని చూపించాడు.

అపోహ: సూర్యుడు నిజంగా ఇలాగే చల్లారతాడు.

వాస్తవం: 19వ శతాబ్దంలో కెల్విన్ లాంటి శాస్త్రవేత్తల లెక్క ప్రకారం సూర్యుడి ఇంధనం కొన్ని కోట్ల ఏళ్లకు మించి రాదు. ఆ భయం కథల్లోకీ పాకింది. 1930ల చివర్లో భౌతిక శాస్త్రవేత్త హాన్స్ బేతే, హైడ్రోజన్ హీలియంగా మారుతూ శక్తినిచ్చే అణుసంలీన చర్యను వివరించాక లెక్క మారింది. సూర్యుడికి ఇంకా సుమారు 500 కోట్ల ఏళ్లున్నాయి. పైగా ముందు మసకబారడు, మండిపోతాడు. దాదాపు 100 కోట్ల ఏళ్లలో సముద్రాలు ఇంకిపోవచ్చంటారు. ప్రళయంలో పన్నెండుగురు ఆదిత్యులు ఒక్కసారే మండుతారన్న మన పురాణ కల్పన ఈ విషయంలో వాన్స్ కంటే దగ్గరగా ఉంది. దాన్ని శాస్త్రమనకండి, అదీ కథే. తేడా ఏమిటంటే, మనకు ప్రళయం తర్వాత మళ్లీ సృష్టి ఉంది. వాన్స్ భూమికి ఆ భరోసా లేదు.

అపోహ: నవలలా మొదటినుంచీ చదవాలి.

వాస్తవం: మొదటి మూడు కథల్లో పాత్రలు కలుస్తాయి, వాటిని వరసలో చదవండి. మిగతావి విడివిడి. ఒక్కటే చదివే తీరిక ఉంటే లియాన్ కథ తీయండి. రాత్రిపూట వద్దు.