మేస్త్రీ మూలమట్టం, కారు బ్రేకు

"పన్నెండేళ్లుగా కారు నడుపుతున్నాను. ఇంతవరకూ బండికి చిన్న గీత కూడా పడలేదు. ఇప్పుడు ఆఫీసువాళ్లు అడ్వాన్స్‌డ్ డ్రైవింగ్ కోర్సుకి వెళ్లమంటున్నారు. వచ్చిన విద్యకి మళ్లీ ఓనమాలా?" అని ఒక పాఠకుడి ప్రశ్న.

ఓనమాలు కాదు. క్లచ్ వదలడం, ఎనిమిది వేయడం, బోర్డులు గుర్తుపట్టడం అక్కడ ఉండవు, ఈ వ్యాసంలోనూ ఉండవు. ఆ కోర్సులో నేర్పేది ఒక లంబకోణ త్రిభుజం. కాకపోతే దాన్ని నల్లబల్ల మీద గీయరు, కుడికాలితో తొక్కిస్తారు.

పునాదికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీ చేసే పని చూసే ఉంటారు. మూల సరిగ్గా కుదిరిందా అని తేల్చడానికి ఒక దారం మీద మూడడుగులు, రెండో దారం మీద నాలుగడుగులు కొలిచి గుర్తు పెడతాడు. రెండు గుర్తుల మధ్య టేపు కచ్చితంగా అయిదడుగులు చూపిస్తే మూల కుదిరినట్టే. పైథాగరస్ పేరు ఆయన వినకపోవచ్చు. ఆ సిద్ధాంతాన్ని మార్కుల కోసం బట్టీ పట్టిన మనకేమో అది చేసే పని తెలియదు. ఇద్దరిలో ఎక్కువ నష్టపోయింది మనమే.

ఆ మూడు-నాలుగు-అయిదుని ఇరవైతో హెచ్చించండి. 60, 80, 100 వస్తాయి. ఇప్పుడివి స్పీడోమీటరు అంకెలు.

ఒకే రకం కార్లు రెండు పక్కపక్కనే వెళ్తున్నాయి, ఒకటి గంటకి 80 కిలోమీటర్ల వేగంతో, ఇంకొకటి 100తో. రెండూ సమానంగా ఉన్న క్షణంలో ముందు గేదె అడ్డం వచ్చింది. ఇద్దరూ ఒకేసారి బ్రేకు పూర్తిగా తొక్కారు. 80 మీదున్న కారు గేదెకి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. రెండో కారు సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఎంత వేగంతో ఉంటుంది? నూటికి తొంభైమంది 20 అంటారు. జవాబు 60.

కారణం సులువే. కదిలే బండిలో ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. పూర్తిగా తొక్కిన బ్రేకు ప్రతి మీటరుకీ ఒకే మోతాదులో ఆ శక్తిని తినేస్తుంది. 80 కారు ఆగేలోపు రెండు కార్ల బ్రేకులూ చెరో 80 వర్గమంత, అంటే చెరో 6400 పాళ్లు తిన్నాయి. 100 కారు దగ్గర మొదట ఉన్నవి 10,000. మిగిలిన 3600కి వర్గమూలం 60. మేస్త్రీ కొలిచిన అయిదడుగుల కర్ణం ఇక్కడ 100, గేదెకి తగిలే దెబ్బ మూడడుగుల భుజం.

పొడి తారురోడ్డు మీద ఘర్షణ గుణకం (టైరు పట్టుకీ, దాని మీద పడే బరువుకీ ఉన్న నిష్పత్తి) 0.7 అనుకుంటే, 60 వేగం నుంచి ఆగడానికి 20 మీటర్లు, 80 నుంచి 36, 100 నుంచి 56 మీటర్లు పడుతుంది. ఇది బ్రేకు పడ్డాక సంగతి. కన్ను చూసి కాలు కదలడానికి ఒక సెకను వేసుకున్నా, 80 కారు ఆ సెకనులో 22 మీటర్లు, 100 కారు 28 మీటర్లు ఊరికే పోతాయి. దాన్నీ కలిపితే గేదెని తాకే వేగం 60 దాటి 68కి చేరుతుంది. వాన పడి గుణకం 0.4కి దిగితే 100 నుంచి ఆగడానికే 98 మీటర్లు కావాలి.

ఈ 0.7 ఎక్కణ్నుంచి వస్తుంది? కొత్త కారు కొనగానే నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. దిష్టి సంగతి ఏమోగానీ, చూడాల్సిన చోటు మాత్రం అదే. నిమ్మకాయ చితికిన ఆ జాగా ఒక్కటే కారుకీ భూమికీ ఉన్న సంబంధం. 1200 కిలోల కారులో చక్రానికి సగటున 300 కిలోలు, టైర్లో 33 పీఎస్ఐ గాలి (పంక్చర్ షాపులో "33 పాయింట్లు" అనేది) ఉంటే, బరువుని పీడనంతో భాగించండి. సుమారు 130 చదరపు సెంటీమీటర్లు, మన అరచేయంత. ఆగినా, తిరిగినా, ముందుకి దూకినా నాలుగు అరచేతుల పట్టుతోనే.

ఇక్కడ అదే త్రిభుజం మళ్లీ వస్తుంది. టైరు పట్టుకి ఒక హద్దుంది. ఆ హద్దుని ఒక వృత్తంగా గీస్తారు. వునిబాల్ట్ కమ్ అనే జర్మన్ ఇంజనీరు పేరుతో దాన్ని కమ్ వృత్తం అంటారు. మధ్యలోంచి వెనక్కి గీసిన బాణం బ్రేకు, పక్కకి గీసింది మలుపు. రెండూ కలిసిన కర్ణం వృత్తం దాటిందా, టైరు జారుతుంది. మలుపుకి పట్టులో 80 శాతం ఖర్చయిపోతే బ్రేకుకి మిగిలేది 20 శాతం కాదు, 60. మళ్లీ మూడు-నాలుగు-అయిదే. ఈసారి త్రిభుజం మన పక్షాన ఉంది. కానీ 100 శాతం మలుపుకే ఖర్చయితే బ్రేకుకి మిగిలేది సున్నా.

లెక్క వేసి చూద్దాం. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న ఘాట్ రోడ్డు మలుపు, వేగం 60. మలుపు తిరగడానికి కావాల్సిన త్వరణం సెకను వర్గానికి 5.6 మీటర్లు. పొడిరోడ్డు ఇవ్వగలిగింది 6.9. అంటే 80 శాతం అప్పుడే అయిపోయింది, బ్రేకుకి 60 శాతమే ఉంది. అదే మలుపు వానలో ఇవ్వగలిగింది 3.9. బ్రేకు ముట్టకపోయినా బండి జారుతుంది. ఆ మలుపుకి వానలో గరిష్ఠ వేగం 50. కోర్సులో "బ్రేకు మలుపుకి ముందే, తిన్నగా ఉన్నప్పుడే వేయండి" అని పదేపదే చెప్పేది ఇందుకే. తొలకరి జల్లుకి ఇంకా జాగ్రత్త కావాలి. నెలల తరబడి పేరుకున్న నూనె, దుమ్ము ఆ కాసిని నీళ్లతో కలిసి జిగట పొర కడతాయి. గంటసేపు కురిసి కడిగేశాక రోడ్డు కాస్త మెరుగు.

చక్రం బిగుసుకుపోతే వృత్తానికి ఏమవుతుంది? ఇక్కడ తడబడడం తేలిక. తిరిగే చక్రానికి బాణాన్ని ఎటైనా చూపించే స్వేచ్ఛ ఉంది. బిగుసుకున్న చక్రం ఒక రబ్బరు ముద్ద. ముద్ద మీద ఘర్షణ అది జారే దిశకి సరిగ్గా ఎదురుగానే ఉంటుంది. మీరు స్టీరింగ్ ఎటు తిప్పినా ఆ ముద్దకి తెలియదు. పైగా టైరు పట్టు ఎక్కువగా ఉండేది చక్రం బండి వేగంకంటే 10 నుంచి 20 శాతం నెమ్మదిగా తిరిగేటప్పుడు. పూర్తిగా బిగిస్తే పట్టూ తగ్గుతుంది, స్టీరింగూ పోతుంది. ఏబీఎస్ (చక్రం బిగుసుకోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) చేసేది చక్రాన్ని ఆ 10-20 శాతం దగ్గర నిలపడం. ప్రతి చక్రం దగ్గరా ఉన్న సెన్సరు వేగం హఠాత్తుగా పడిపోవడం గమనిస్తే, వాల్వు ఆ చక్రానికి బ్రేకు ఒత్తిడిని వదిలి మళ్లీ ఇస్తుంది, సెకనుకి పదిసార్లకు పైగా. బాష్ కంపెనీ ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ కార్లలో వచ్చింది. అది వచ్చింది దూరం తగ్గించడానికే అనుకుంటారు. అసలు లాభం బ్రేకు మీద ఉండగానే తిప్పగలగడం. గులక మీద ఏబీఎస్ ఆపే దూరం పెరగొచ్చు కూడా.

ఇక మైదానంలో జరిగేది. మొదట సీటు. వీపు ఆనించి చేతులు చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. బ్రేకు, క్లచ్ అడుక్కి తొక్కినా మోకాళ్లు కొంచెం వంగి ఉండాలి. దర్జాగా వెనక్కి వాలి కూర్చుంటే గట్టిగా తొక్కినప్పుడు పెడల్ కదలదు, మీరే వెనక్కి జరుగుతారు.

తర్వాత బ్రేకు. 60 వేగంతో వచ్చి, కోన్‌ల గీత దగ్గర బ్రేకూ క్లచ్చూ ఒకేసారి, తన్నినట్టు తొక్కి, బండి ఆగేదాకా కాలు తీయకూడదు. చెప్పినంత తేలిక కాదు. పన్నెండేళ్లు గీత పడకుండా నడిపినవారి కాలు మెత్తగా తొక్కడానికే అలవాటుపడింది. మొదటి ప్రయత్నంలో సగం బలమే పడుతుంది. ఈ బలహీనతని కంపెనీలూ గమనించాయి. కాలు పెడల్‌ని ఎంత వేగంగా తొక్కిందో దాన్ని బట్టి మిగతా బలాన్ని కారే వేసుకునే "బ్రేక్ అసిస్ట్" 1996లో మెర్సిడెస్‌లో వచ్చింది అందుకే. రెండో తప్పు, ఏబీఎస్ పని మొదలెట్టగానే పెడల్ దడదడమంటుంది, అది విని బ్రేకేదో విరిగిందని కాలు తీసేయడం.

మూడోది, బ్రేకు మీదే ఉండి అడ్డాన్ని తప్పించడం. ఇక్కడ కళ్లే అసలు పనిముట్టు. కోన్‌ని చూస్తే కోన్‌నే కొడతారు, పక్కనున్న ఖాళీని చూస్తే చేతులు అటే తిప్పుతాయి.

తడిపిన నున్నటి నేల మీద స్కిడ్ అభ్యాసానికి ఇంకో అంకె తెలియాలి. 0.7 స్థాయిలో బ్రేకు వేస్తే 1200 కిలోల కారులో దాదాపు 185 కిలోల బరువు వెనక చక్రాల నుంచి ముందుకి మారుతుంది (గరిమనాభి, అంటే కారు బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కేసే బిందువు, 55 సెంటీమీటర్ల ఎత్తులో, ముందు వెనక చక్రాల మధ్య 2.5 మీటర్లు ఉంటే). వెనక 480 కిలోలుంటే 295 అయింది. వెనక టైర్ల వృత్తం ఆ మేరకి చిన్నదైపోయింది. మలుపు మధ్యలో ఉలిక్కిపడి బ్రేకు తొక్కినా, యాక్సిలరేటర్ మీంచి కాలు చటుక్కున తీసినా తోక జారేది అందుకే. అప్పుడు వెళ్లాల్సిన వైపు చూస్తూ, తోక జారిన వైపే స్టీరింగ్ తిప్పాలి. తోక తిరిగి రావడం మొదలవగానే అంతే వేగంగా సరిచేయాలి. ఆలస్యమైతే ఊయల్లా రెండోవైపు ఇంకా గట్టిగా ఊగుతుంది, కొత్తవాళ్లు గిరగిరా తిరిగేది ఈ రెండో ఊపులోనే. ముందుభాగం జారితే వైద్యం వేరు. ఇంకా తిప్పాలనిపిస్తుంది, తిప్పకూడదు. వేగం తగ్గించి, స్టీరింగ్ కొంచెం వెనక్కి తెచ్చి, టైరు రోడ్డుని మళ్లీ అందుకునేదాకా ఆగాలి.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. నార్వేలో కొత్త డ్రైవర్లకి జారే రోడ్ల శిక్షణ ఇచ్చి చూస్తే, కుర్రాళ్ల ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి. స్కిడ్‌ని ఆపగలం అన్న ధీమాతో స్కిడ్ అయ్యేంత వేగంగా నడిపారు. అందుకే మంచి శిక్షకుడు మిమ్మల్ని ఒకటి రెండుసార్లు కావాలనే ఓడిస్తాడు. 5 కిలోమీటర్ల వేగం పెంచి, ఇంతకుముందు ఆపిన బండినే ఆపలేరని చూపిస్తాడు.

ఘాట్ దిగడం గురించి క్లుప్తంగా. తిరుమల నుంచి తిరుపతికి దాదాపు 700 మీటర్ల దిగుడు. 1200 కిలోల కారు ఆ ఎత్తు దిగితే పుట్టే వేడి, 26 లీటర్ల నీళ్లని గది వేడి నుంచి మరిగించగలదు. అదంతా బ్రేకు డిస్కుల్లోకే పంపాలా, రెండో గేరు వేసి కొంత ఇంజన్‌కి పంచాలా అన్నది మీ ఇష్టం. న్యూట్రల్లో దిగి పెట్రోలు మిగులుస్తున్నాం అనుకునేవాళ్లకి ఒక మాట: గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజన్లు ఇంధనం పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్లోనే ఖర్చవుతుంది.

నిలిచిన నీళ్ల మీద టైరు తేలిపోవడానికీ లెక్కుంది. నాసా విమాన టైర్ల మీద తేల్చిన మోటు సూత్రం ప్రకారం పీఎస్ఐ వర్గమూలాన్ని 16.7తో గుణిస్తే టైరు తేలే వేగం వస్తుంది. 33 పీఎస్ఐకి గంటకి 96 కిలోమీటర్లు, 25కి 83. గాలి తగ్గితే ముందే తేలతారు. టైరు గాడుల్లో అక్కడక్కడ చిన్న గట్లు కనిపిస్తాయి. రబ్బరు ఆ గట్ల మట్టానికి అరిగితే మిగిలిన లోతు 1.6 మిల్లీమీటర్లు, మన చట్టం ఒప్పుకునే ఆఖరి హద్దు.

ఫీజు కట్టేముందు మూడు అడగండి. తడి నేల ఉందా? మీ సొంత బండితో చేయనిస్తారా? మనిషికి ఎన్నిసార్లు పూర్తి బ్రేకు వేయిస్తారు? మూడోదానికి జవాబు రెండు అయితే అది ప్రదర్శన, శిక్షణ కాదు. మొదటి మూడుసార్లు ఎవరి కాలూ సరిగ్గా పడదు. ఎనిమిది, పది కావాలి. వెళ్లేరోజు పల్చటి అడుగున్న బూట్లు వేసుకోండి, చెప్పులతో కుదరదు. చల్లటి టైర్లలో గాలి సరిచూడండి. డిక్కీలో సామాను, సీటు కింద దొర్లే నీళ్ల సీసా ఇంట్లోనే తీసేసి బయల్దేరండి. పూర్తి బ్రేకు పడినప్పుడు ఆ సీసా దొర్లుకుంటూ వచ్చి ఆగేది బ్రేకు పెడల్ కిందే.