వేరే పుంజు తొక్కితే పెట్ట జాతి పోదు, అమ్ముకోకండి

"పక్కింటి పుంజు తొక్కేసింది డాక్టరమ్మా, ఇంక ఈ పెట్టకి మంచి పిల్లలు రావట, సంతలో ఇచ్చేస్తాను." ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల పశువైద్యం చేస్తూ ఈ మాట వినీ వినీ విసిగిపోయాను. అటు పాతపట్నం నుంచి వచ్చేవాళ్లూ ఇదే అంటారు. అప్పుచేసి కొన్న అసీల్ (పందెం కోళ్ల జాతి) పెట్టల్ని కూరకోళ్ల ధరకి ఇచ్చేస్తున్నారు.

మొదట కలిసిన మగదాని గుణం ఆడదాని ఒంట్లో ఉండిపోయి తర్వాతి పిల్లలన్నిటికీ వస్తుందనేది పచ్చి అబద్ధం. 1821లో లార్డ్ మోర్టన్ అనే ఆయన, క్వాగాతో (ఇప్పుడు అంతరించిపోయిన ఒక రకం జీబ్రా) కలిసిన తన గుర్రానికి తర్వాత మామూలు గుర్రంతో పుట్టిన పిల్లలకీ చారలు వచ్చాయని రాస్తే డార్విన్ అంతటివాడే నమ్మాడు. 1890లలో ఈవర్ట్ అనే శాస్త్రవేత్త గుర్రాల్ని జీబ్రాతోనూ ఆ తర్వాత గుర్రాలతోనూ కలిపి చూసి, అది నిలబడదని తేల్చాడు. అయినా మన ఊళ్లలో ఇది చావలేదు. పైగా పెట్టలతో ఆగకుండా ఆడపిల్లల మీదకీ పాకుతోంది, అందుకే నాకింత కోపం.

మరి పెట్టలో జరిగేదేమిటి? పుంజు వీర్యం పెట్ట లోపల, పెంకు తయారయ్యే సంచికి దిగువన కంటికి కనిపించని సన్నని గొట్టాల్లో నిల్వ ఉంటుంది. అక్కణ్ణుంచి కొంచెం కొంచెం పైకి వెళ్లి, పచ్చసొన విడుదలైనప్పుడల్లా దాన్ని కలుస్తుంది. అందుకే పుంజుని తీసేశాక కూడా రెండు వారాల దాకా గుడ్లు పిల్లలవుతాయి, కొన్ని మూడో వారంలోనూ అవుతాయి. నిల్వ అయిపోతే అంతే, పెట్ట రక్తంలోగానీ తర్వాత వచ్చే సొనల్లోగానీ ఆ పుంజు తాలూకు ఏదీ మిగలదు.

ఇంకో తొందరపాటు కూడా ఉంది. నిన్న మంచి పుంజుతో కలిపాం కాబట్టి ఇవాళ్టి గుడ్డు జాతి గుడ్డే అనుకుంటారు. ఇవాళ్టి గుడ్డు సొన నిన్ననో అంతకు ముందో పాత వీర్యంతో కలిసిపోయింది! పైగా లోపల ఇద్దరి వీర్యం ఉన్నప్పుడు పోటీ నడుస్తుంది. చివరగా తొక్కిన పుంజుకి మామూలుగా ఎక్కువ వాటా దక్కుతుంది కానీ మొత్తం దక్కదు, ఒక్కసారి పొదిగిన గుడ్లలోనే ఇద్దరు తండ్రుల పిల్లలు వస్తాయి. పెట్ట కూడా ఊరుకోదు, మందలో కిందిస్థాయి పుంజు బలవంతంగా తొక్కితే ఆ వీర్యాన్ని బయటికి నెట్టేస్తుందని 2000లో పరిశోధకులు చూపించారు.

కుక్కలదీ అదే కథ. వీధికుక్కతో కలిస్తే ఆ ఈతకే సంబంధం, తర్వాతి ఈత తల్లిదీ, అప్పటి తండ్రిదీ. కంగారుపడి ఎవరిచేతనో ఈస్ట్రోజెన్ ఇంజక్షన్ చేయించకండి, గర్భసంచికి చీము పట్టి కుక్కే పోవచ్చు.

కాశీనగర్ వైపు నుంచి ఒక ముసలమ్మ నల్లపెట్టని గంపలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి తెచ్చింది. పెట్ట చెడిపోయిందని ఆవిడకి చెప్పింది ఎవరనుకున్నారు, దాన్ని కొనడానికొచ్చిన బేరగాడే. ఆవిడ టెన్షన్ చూసి ఒక గుడ్డు అక్కడే పళ్లెంలో పగలగొట్టి చూపించాను. సొన మీద తెల్లచుక్క చుట్టూ గుండ్రంగా వలయం ఉంటే అది పుంజు కలిసిన గుడ్డు. వలయం లేకుండా చిన్నగా, చిక్కగా, అంచు చెదిరిన మచ్చ ఉంటే ఉత్త గుడ్డు.

మీరూ ఇలాగే చేయండి. పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదనడం ఉత్తదే. పెట్టని మూడు వారాలు ఏ పుంజూ దగ్గరికి రాకుండా ఉంచి ఆ గుడ్లు కూరకి వాడుకోండి, వండేముందు చుక్క చూడండి. వరసగా అన్నీ ఉత్త గుడ్లే వస్తున్నాయంటే మీ పుంజుని వదలండి. అప్పటినుంచి రెండు రోజుల గుడ్లు తినేసి, మూడో రోజు నుంచి వచ్చేవి పొదగేసుకోండి.